తుడిచేసిన నెత్తుటి చుక్క

మలేరియా శాఖ డైరెక్టరు ముందుకు తోసిన కాగితం మీద సంతకం పెట్టకుండా, పెన్ను మూత బిగించి, దోమల డాక్టరమ్మ ఆ గదిలోంచి బయటికి వచ్చేసిన సంగతి పాఠకులు మర్చిపోయి ఉండరు. ఈ వారమే కథలో అడుగుపెట్టినవారికి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

మూడేళ్లుగా ఈ ఊళ్లో మలేరియా లేదు. వారం తిరక్కుండా పరిశీలన బృందం వచ్చి, 'ఇక్కడ మలేరియా పోయింది' అని ముద్ర వేసి వెళ్లాలి. సరిగ్గా ఆ వేళకే, ఊరు దాటని ఒక బాలింతకు చలిజ్వరం వచ్చింది. ఆమె నెత్తురు చూసిన లేబరేటరీ అతను 'మామూలు రకమే' అన్నాడు. డాక్టరమ్మ చూసి, కాదంది. ఇది ఒకరోజు వణికించి, రెండు రోజులు సెలవిచ్చి, మళ్లీ వచ్చే రకం. ఈ చుట్టుపక్కల ఎవరూ చూసి ఒక తరం దాటిపోయింది.

డైరెక్టరుకు ఆ తేడాతో పని లేదు. కొత్త వంతెన పక్కన రేకుల షెడ్లలో కూలీల కుటుంబాలున్నాయి. ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్లు. జ్వరం వాళ్లే తెచ్చారని రాసిన ఆ కాగితం మీద డాక్టరమ్మ సంతకం పెడితే అది 'బయటి కేసు' అవుతుంది, ఊరి మూడేళ్ల లెక్క చెక్కు చెదరదు. ఆ మాట మునిసిపాలిటీకి చెప్పేశాడు కూడా. పొద్దు గూకేసరికి లారీలు వస్తాయి, రేకులు లేస్తాయి, జనం రోడ్డున పడతారు. కానీ డాక్టరమ్మ ఆ షెడ్లలో పసివాళ్లనుంచి ముసలివాళ్ల దాకా అందరి వేళ్లూ పొడిచి చూసింది. ఒక్కరిలోనూ లేదు.

మరి బాలింత ఒంట్లోకి ఎలా వచ్చింది? కాన్పులో ఆమెకు నెత్తురెక్కించారు. అదొక్కటే దారి. బ్లడ్ బ్యాంకు అతణ్ని అడిగితే దాచలేదు సరికదా, ముఖం చాటంత చేసుకుని చెప్పాడు.

"ఆ నెత్తురు సంచి ఎవరిదా? మీకు తెలియనివారా మేడమ్! మీ నాన్నగారిదే. ఎవరికైనా సరిపడే గ్రూపు కదండీ, ఆయన నెత్తురు వచ్చిందంటే మేం చుక్క కూడా వృథా పోనివ్వం."

డాక్టరమ్మ అక్కడినుంచి ఇంటికి ఎలా నడిచి వచ్చిందో ఆమెకే తెలియదు.

* * *

ముందుగదిలో ఆమె తండ్రి కొత్త బూట్లు వేసుకుని, ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తున్నాడు.

"నాలుగు రోజుల్నుంచి ఆ బూట్లకు నడక నేర్పుతున్నారు మీ నాన్న," అంది తల్లి, గుమ్మంలో కూర్చుని చొక్కాకు గుండీ కుడుతూ. "నీకు నేర్పడానికి కూడా ఇంత కష్టపడలేదు."

"కరుస్తున్నాయే. స్టేజీ మీద కుంటుకుంటూ వెళ్తే ఏం బావుంటుంది?" అన్నాడాయన. "సన్మాన సభలో మొదటి పిలుపు నాదేనట. డైరెక్టరు స్వయంగా చెప్పాడు."

ఊళ్లో ఆయన్ని సూది తాత అంటారు. మలేరియా శాఖ ఉద్యోగంలో ఎక్కువకాలం ఆయన పని ఒక్కటే. గడప గడపకూ వెళ్లడం, 'జ్వరం ఎవరికైనా ఉందా?' అని అడగడం, ఉంటే వేలు పొడిచి నెత్తురు చుక్క స్లైడు మీదకు తీసుకోవడం, లేబరేటరీలో కూర్చుని దాన్ని చూడటం. పిల్లలు ఆయన సంచీ చూస్తే మంచం కింద దూరేవాళ్లు. ఆయన నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, 'ముందు నా వేలు' అనేవాడు. సూది తన వేలిలోకి దించుకుని, ఉబికిన చుక్క చూపించి, 'చూశావా, నేనేడ్చానా?' అనేవాడు. ఆ తర్వాత సూది మార్చి, పిల్లవాడి వేలు పట్టుకునేవాడు. ఆ అలవాటుకు ఆయన ఎడమచేతి వేళ్ల కొసలు పాత చెప్పు అట్టల్లా గట్టిపడిపోయాయి.

ఇప్పుడు ఊరి గోడల మీద ఆయన ఫోటో ఉంది. చేతిలో సూది, ముఖాన నవ్వు, కింద 'మలేరియాను తరిమిన చేయి' అని అక్షరాలు.

ముందుగది గోడనిండా మరో రకం గౌరవం వేలాడుతోంది. రక్తదానానికి ఇచ్చిన జ్ఞాపికలు. చెక్కవి, ఇత్తడివి, గాజువి. తల్లి వాటి దుమ్ము దులిపేటప్పుడల్లా, 'ఈయన ఒంట్లో నెత్తురు కంటే ఈ గోడమీద చెక్క ఎక్కువుంది' అనేది.

"నాన్నా, కూర్చో," అంది డాక్టరమ్మ.

"కూర్చుంటే మళ్లీ ఈ బూట్లతో లేవలేను. చెప్పమ్మా. ఆ బాలింత కేసు ఏమైంది?"

"దారి దొరికింది. దోమ కాదు. నెత్తురు ద్వారా ఎక్కింది."

ఆయన ఠక్కున ఆగి తొడ చరిచాడు. "శభాష్! నేను చెప్పలా, షెడ్లవాళ్లు కాదని? ఆ డైరెక్టరుకు అంతా తొందరే. మొదట్నుంచీ అంతే, నేను సూది పట్టుకోవడం నేర్పినప్పుడు కూడా చూడకుండా పొడిచేవాడు." చిన్నపిల్లాడిలా ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. "అయితే నెత్తురిచ్చినవాణ్ని పట్టుకో. కష్టం కాదు. ఈకాలం మనిషి అయ్యుండడు. ఆ రకం ఒక్కటే, ఒంట్లో ఓ మూల నక్కి ఏళ్లకేళ్లు బతుకుతుంది. మనిషికి తెలియనే తెలియదు. వయసైనవాడై ఉంటాడు. పడుచుతనంలో అడవుల్లో తిరిగి ఉంటాడు. ఒకప్పుడు జ్వరం వచ్చి, మాత్రలు మింగి, పోయిందనుకుని…"

కూతురు ఆయన ముఖంలోకి చూడలేక బూట్ల వైపు చూస్తోంది.

"…మర్నాడే మళ్లీ పనిలోకి వెళ్లి ఉంటాడు," అన్నాడాయన. గొంతు మాత్రం వాక్యం చివరికి వచ్చేసరికి సన్నబడింది.

తల్లి చేతిలో సూది గుండీ మధ్యలో ఆగింది.

ఆయన మెల్లగా కుర్చీలో కూర్చుని, ఒక బూటు విప్పి పక్కన పెట్టాడు. రెండోది విప్పలేదు.

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు నాన్నా. సంచి నీది. బాలింత ఇంట్లో ఇంకెవరికీ లేదు. చుట్టుపక్కల ఇళ్లలో లేదు. షెడ్లలో లేదు."

"నెత్తురిచ్చిన ప్రతిసారీ బ్లడ్ బ్యాంకువాళ్లు మలేరియా కిట్టుతో పరీక్ష చేస్తారు."

"ఆ కిట్టు ఏ రకాల్ని పడుతుందో నాకంటే నీకే బాగా తెలుసు. ఈ రకం, అదీ అరకొరగా ఉంటే, దాని కళ్లుగప్పి పోతుంది."

"తెలుసు. నాకు పాఠం చెప్పకు." ఆయన గొంతు లేచింది. "ఈ ఊళ్లో ఏ గడప వెనక ఏ జ్వరముందో వాసనపట్టి చెప్పినవాణ్ని నేను. నా ఒంట్లో ఉంటే నాకు తెలియదా? ఉద్యోగంలో చేరిన కొత్తలో దోమలు పట్టడానికి అడవిలో ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని కూర్చునేవాళ్లం. వాలిన దోమను కుట్టేలోపు గాజుగొట్టంలో పట్టాలి. ఒక్కోసారి అదే ముందు కుట్టేది. జ్వరం వచ్చింది, పోయింది. అప్పటికి నువ్వు పుట్టలేదు! ఇవాళ వచ్చి నీ తండ్రి నెత్తురు విషమంటావా?"

"విషమనలేదు. ఒక్క చుక్క ఇవ్వమంటున్నాను."

"ఇవ్వను. నాలుగు రోజుల్లో సభ ఉంది. అది అయ్యాక వెయ్యి చుక్కలు తీసుకో."

"పొద్దు గూకితే వంతెన దగ్గరికి లారీలొస్తాయి. నీ చుక్క లేకపోతే నా మాట నీటిమీద రాత. నిన్ను తప్పుపట్టడంలేదు నాన్నా. వాళ్లు చేయని తప్పుకు వాళ్లను వెళ్లగొడుతున్నారు."

ఆయన గోడకేసి చూశాడు. కూతురు కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది, ఒకప్పుడు ఆయన పిల్లల ముందు కూర్చున్నట్టే.

"ఒక్కటడుగుతాను. నీ నెత్తురు ఎప్పుడైనా చూసుకున్నావా?"

"ఏం ప్రశ్న అది? నా వేలు నేను ఎన్నిసార్లు పొడుచుకున్నానో దేవుడికే తెలియాలి."

"పొడుచుకున్నావు. చూసుకున్నావా?"

ఆయన జ్ఞాపకాల్లో ఎక్కడో ఒక స్లైడు ఉండాలి, దాని అంచున తన పేరుండాలి. వెతుకుతున్నట్టు కళ్లు అటూ ఇటూ కదిలాయి.

సమాధానం గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది.

"చూసుకోలేదు," అంది తల్లి. "తుడిచేసేవారు. రోజూ ఆ చొక్కా ఉతికింది నేను. జేబునిండా ఎర్ర దూది. ఒకటి కాదు, రెండు కాదు, గుప్పెడు. ఇంతమంది పిల్లలు ఏడ్చారా ఇవాళ అనుకునేదాన్ని."

బయట వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"వాళ్ల చుక్క గాజు మీదకు," అన్నాడు సూది తాత, తనలో తాను. "నా చుక్క దూదిలోకి." రెండో బూటు కూడా విప్పాడు. "చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట."

"ఇంకా తెలియదు కదండీ," అంది తల్లి. ఆ గొంతులో వెటకారం లేదు. "ఏడాదికో రెండేళ్లకో ఓ వారం ఒళ్లు వెచ్చబడి, దుప్పటి కప్పుకుని పడుకుంటారు. అలసట అంటారు. అలసటేనేమో."

ఆమె ఏం చెప్పిందో ఆమెకే తర్వాత అర్థమై, చొక్కా ఒళ్లో పెట్టుకుని తలవంచుకుంది.

* * *

వెనక గది కిటికీ పక్కన, ఉద్యోగ విరమణ రోజున ఆఫీసువాళ్లిచ్చిన పాత మైక్రోస్కోపు ఉంది. దానికి కరెంటు దీపం లేదు, అద్దమే. పగటి వెలుతురును ఆ అద్దం పట్టి పైకి పంపాలి. పొద్దు అప్పటికే ఎదురింటి డాబా మీదకు వాలుతోంది.

డాక్టరమ్మ తన సంచి విప్పింది. సూదులు, శుభ్రమైన స్లైడ్లు, స్పిరిటు దూది, రంగు సీసా. సూది చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టింది. కొన్ని వేలమందిని పొడిచిన చేయి అది.

"భయమా?" అన్నాడాయన, ఉంగరపు వేలు చాపి.

ఆమె తన ఎడమచేయి చాపింది. స్పిరిటు దూది తన వేలికి రుద్దుకుని, సూది దించుకుంది.

"ముందు నా వేలు," అంది.

సూది తాత పెదవులు నవ్వబోయాయి, కళ్లు నీళ్లు నింపుకున్నాయి. ఆమె వేలిమీద ఉబికిన చుక్కను అలవాటుగా దూదితో తుడవబోతుంటే, చటుక్కున మణికట్టు పట్టుకున్నాడు.

"తుడవకు. అదీ గాజు మీద పెట్టు. ఈ ఇంట్లో ఇక ఏ చుక్కా దూదిలోకి పోకూడదు."

ఆమె సూది మార్చి ఆయన వేలూ పొడిచింది. రెండు స్లైడ్లు కిటికీ గట్టుమీద ఆరాయి. రంగు పోసింది, ఆగింది, కడిగింది. ఆమె చూడబోతే ఆయన కుర్చీ లాక్కున్నాడు.

"లే. నా దొంగను నేనే పట్టుకుంటాను."

"నీ కళ్లు…"

"నా కళ్లకేం? పేపరు చదవలేనుగానీ, ఇది చదవగలను. అద్దం తిప్పు. సూర్యుడి మీదకు కాదు, ఆకాశం మీదకు. ఆఁ, అలా."

ముందు కూతురి స్లైడు చూశాడు. చాలాసేపు చూశాడు. "శుభ్రం," అని ఊపిరి వదిలాడు. తర్వాత తనది పెట్టాడు.

మైక్రోస్కోపు కింద నెత్తురు చూడటమంటే, ముగ్గుపిండి ఒలికిన నేలమీద ఒక చక్కెర పలుకు వెతకడం. ఒక చోటు చూడాలి, మర జరపాలి, పక్క చోటు చూడాలి. ఆయన వేళ్లకు ఆ మర కొత్త కాదు. అది కిరకిరమంటూ కదులుతోంది. తల్లి తెచ్చిన టీ మీద మీగడ కట్టింది. డాబా నీడ కిటికీ అంచు తాకి, గట్టుమీదకు పాకింది. డాక్టరమ్మ రెండుసార్లు అద్దం సర్దింది. తండ్రి భుజాలు మెల్లమెల్లగా సడలుతున్నాయి. ఆమె మనసులో ఒక పిరికి ఆశ తలెత్తింది. లేదేమో. నేనే పొరబడ్డానేమో. ఆశ వెనకాలే, లేకపోతే షెడ్లవాళ్లకు ఏం చెప్పాలన్న భయం.

మర ఆగింది.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆయనకొక అలవాటుండేది. నెత్తుట్లో మలేరియా పురుగు కనబడితే మాట్లాడేవాడు కాదు. కన్ను గొట్టం మీదనుంచి తీయకుండా, ఎడమచేతి వేలు పైకెత్తేవాడు. లేబరేటరీలో అందరూ ఆ వేలికేసి చూసి పని ఆపేవాళ్లు.

ఇప్పుడు ఆ వేలు లేచింది. కొసన ఇంకా ఎర్రగా ఉంది.

డాక్టరమ్మ వంగి చూసింది. లేతరంగు నెత్తుటి కణం, దానికి అడ్డంగా ఊదా నీలం పట్టీ. నడుముకు పటకా బిగించినట్టు. బాలింత నెత్తుట్లో చూసింది సరిగ్గా ఇదే.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అన్నాడాయన. "ఎంత బుద్ధిమంతుడో చూడు. నాతో పాటే గడప గడపా తిరిగాడు. నాతోనే సంచీ మోయించుకున్నాడు."

"మూడు రోజుల మాత్రలు నాన్నా. అంతే. ఇది లివర్లో దాక్కునే రకం కూడా కాదు. పోతుంది."

"నా ఒంట్లోంచి పోతుంది." ఆయన లేచి ముందుగదిలోకి నడిచి, జ్ఞాపికల ముందు నిలబడ్డాడు. వట్టికాళ్లతో ఇంకా పొట్టిగా కనబడ్డాడు. "వీటిని చూసుకుని పడుకునేవాణ్ని. ఒక్కో చెక్కా ఒక ప్రాణం అనుకునేవాణ్ని."

"ప్రాణమే. ఆ రోజు నెత్తురు అందకపోతే ఆ బాలింత బతికేది కాదు. ఆవిడకు జ్వరం ఇచ్చింది నీ నెత్తురే, ప్రాణమిచ్చిందీ అదే. రెండూ నిజమే."

ఆయన ఆ మాటను చాలాసేపు నమిలాడు. మింగుడు పడిందో లేదో తెలియదుగానీ, గోడకు వీపు తిప్పాడు.

"బూట్లు లోపల పెట్టవే," అన్నాడు భార్యతో. "చెప్పులు తే. వంతెన దగ్గరికి వెళ్లాలి."

అప్పుడే ఇంటి ముందు కారాగింది.

* * *

డైరెక్టరు చంకలో ఫైలుతో లోపలికొచ్చాడు. మూడు రోజుల గడ్డం, నిద్ర లేని కళ్లు. అతని కూతురికి నెలలు నిండకుండా కాన్పయింది. పసిపాప ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. పొద్దున ఆఫీసులో డాక్టరమ్మతో గొడవపడుతూ కూడా ఫోను వదల్లేదు. పాపకు కాస్త నెమ్మదించిందని మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా.

"మాస్టారూ, మీరైనా చెప్పండి మీ అమ్మాయికి," అన్నాడు కూర్చోకుండానే. "ఒక్క సంతకం. పదిమంది కూలీలు ఇవాళ కాకపోతే ఇంకో నెలకు ఎలాగూ వెళ్లిపోతారు. వంతెన అయిపోవచ్చింది. మూడేళ్ల కష్టం ఒక్క జ్వరానికి తాకట్టు పెట్టమంటారా?"

"జ్వరం తెచ్చింది వాళ్లు కాదు నాయనా."

"మరి ఎవరు?"

"నేను."

డైరెక్టరు నవ్వబోయి, గురువు ముఖం చూసి మానుకున్నాడు. తెలివైనవాడు. ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. సంచి, బాలింత, వెనక గదిలో కిటికీ పక్కన మైక్రోస్కోపు. చూపు ఒక్కొక్కదాని మీదా ఆగి, ముందుకు జరిగింది. గబగబా వెనక గదిలోకి వెళ్లి గొట్టంలోకి వంగాడు. లేచేసరికి ముఖం పాలిపోయి ఉంది.

"ఇంకెవరికి తెలుసు?"

"ఈ గదిలో ఉన్నవాళ్లకి," అంది డాక్టరమ్మ. "పరిశీలన బృందం వచ్చాక వాళ్లకీ తెలుస్తుంది. సార్, నెత్తురు ద్వారా ఎక్కిన కేసు కూడా ఊరి లెక్కలోకి రాదు. నిజం రాసినా మన ముద్ర మనకొస్తుంది."

"ముద్ర వస్తుంది, పరువు పోతుంది! ఈయన ఫోటో ఊరంతా అంటించింది నేను. కంచే చేను మేసిందంటారు." గొంతు తగ్గించాడు. "నా సంగతి వదిలేయండి. ఈ మాట బయటికి పొక్కితే బ్లడ్ బ్యాంకు గడప ఎవడు తొక్కుతాడు? రేపు ఇంకో ఆడమనిషి కాన్పు మంచం మీద నెత్తురు లేక పోతే, ఆ పాపం ఎవరిది? మీ నిజానిదా?"

ఆ ప్రశ్న అబద్ధం కాదు.

"భయపడతారు," అంది డాక్టరమ్మ. "కొన్నాళ్లు భయపడతారు. తర్వాత, తప్పు దొరికితే వీళ్లు దాచరని నమ్ముతారు. దాచామని ఇంకో ఏడాదికి తెలిస్తే మాత్రం ఎప్పటికీ రారు. అయినా సార్, ఈ నెత్తురు ఇంకా ఎవరెవరికి వెళ్లిందో వెతకొద్దా? వాళ్లను వెతకాలంటే ముందు ఒప్పుకోవాలి కదా?"

"ఎవరికీ జ్వరాల్లేవు. బాలింత కోలుకుంది. అంతే, అయిపోయింది."

అతని చేయి మైక్రోస్కోపు మీదకు వెళ్లింది. క్లిప్పు కిందనుంచి స్లైడు లాగాడు. ఊదారంగు మరక ఉన్న ఆ సన్నటి గాజు ముక్కను రెండు వేళ్ల మధ్య పట్టుకుని నిలబడ్డాడు. బొటనవేలు దాని నడిమధ్య ఆనింది.

తల్లి అరవబోయింది. సూది తాత చెయ్యెత్తి ఆపాడు.

"పగలగొడతావా? కొట్టు నాయనా," అన్నాడు నెమ్మదిగా. "నీకు స్లైడు పట్టుకోవడం నేర్పింది నేనే, పగలగొట్టడం కూడా నా ఎదుటే నేర్చుకో. గాజు పోతుంది. నా వేలు ఇంకా ఉంది. దాంట్లో కావలసినంత నెత్తురుంది."

డైరెక్టరు వేళ్లు బిగిశాయి.

అతని జేబులో ఫోను మోగింది.

ఎడమచేత్తో తీశాడు. స్లైడు కుడిచేతిలోనే ఉంది. ఆ చిన్నగదిలో అవతలి గొంతు అందరికీ వినబడింది. ఏడుపు మింగుతున్న ఆడపిల్ల గొంతు.

"నాన్నా, పాపకు మళ్లీ వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది. రెండు రోజులు బాగానే ఉంది కదా నాన్నా, పాలు కూడా తాగింది… నువ్వు తొందరగా రా."

ఫోను జేబులోకి పోయింది. సూది తాత కూతురివైపు చూశాడు. కూతురు అప్పటికే ఆయనవైపు చూస్తోంది.

"ఎన్నాళ్ల నుంచి బాబూ?" అన్నాడాయన.

"వారం దాటింది. వైరల్ అంటున్నారు. పోతుంది, వస్తుంది. నెలలు నిండని పిల్ల కదా మాస్టారూ, తట్టుకోలేకపోతోంది. నేను వెళ్లాలి…"

"పోయినప్పుడు ఎన్ని రోజులు పోతోంది?"

డైరెక్టరు గుమ్మం వైపు తిరిగాడు.

"పాపకు నెత్తురెక్కించారా సార్?" డాక్టరమ్మ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"పుట్టగానే కాస్త ఎక్కించారు. కాస్తంటే ఏముంది, నాలుగు చెంచాలు. అంత పసిగుడ్డుకు సంచి మొత్తం ఎవరు ఎక్కిస్తారు? ఎవరికో తెచ్చిన సంచిలోంచే…"

*ఆయన నెత్తురు వచ్చిందంటే మేం చుక్క కూడా వృథా పోనివ్వం.*

"అదే ఆసుపత్రి," అంది డాక్టరమ్మ. "బాలింత కూడా ఆ వారమే అక్కడ ఉంది. సార్, పాపకు మలేరియా పరీక్ష చేశారా?"

"మలేరియాకా?" అలవాటైన విసుగు అతని గొంతులోకి దానంతటదే వచ్చేసింది. "ఈ ఊళ్లో మలేరియా ఎక్కడుందండీ? జ్వరమొచ్చిన ప్రతివాళ్లకీ ఆ పరీక్ష అక్కర్లేదని ఆసుపత్రులన్నిటికీ రాసి పంపింది నేనే క…"

మాట అక్కడ తెగిపోయింది.

మైక్రోస్కోపు అద్దంలో మిగిలిన కాస్త వెలుతురు కూడా ఎర్రబడింది. డైరెక్టరు తన కుడిచేతి వేళ్ల మధ్య ఉన్న గాజు ముక్కను అప్పుడే చూస్తున్నట్టు చూశాడు. దాని నడుం మీద ఆనిన బొటనవేలు సడలింది.

సూది తాత ముందుకు వచ్చి, తన అరచేయి చాచి ఆ చేతి కింద పట్టాడు, జారితే అందుకునేలా.

"జాగ్రత్తగా ఇలా పెట్టు నాయనా. పాప నెత్తుట్లో ఏం వెతకాలో ఆసుపత్రి వాళ్లకు ఇదే చూపించాలి. కిట్టును నమ్మొద్దు. నేనూ వస్తాను, నేనే చూస్తాను. మందుంది, పాత మందే, పసిపిల్లలకూ ఇవ్వచ్చు. భయపడకు."

స్లైడు అరచేతిలోకి చేరింది.

"కానీ కారెక్కే ముందు," అన్నాడాయన, చేయి మూసుకుని, "ఆ ఫోనులో ఇంకో మాట చెప్పాల్సి ఉంది నువ్వు. వంతెన దగ్గరికి."

డైరెక్టరు ఫోను తీశాడు. ఎవరికి చేస్తున్నాడో తెర మీద పేరు ఎవరికీ కనబడలేదు. రెండు మోతలకే అవతల ఎత్తారు. వెనకనుంచి లారీ ఇంజను రొద, రేకుల చప్పుడు, ఎవరిదో పసిపిల్ల ఏడుపు.

"సార్! మీ ఫోను కోసమే చూస్తున్నాం," అంది అవతలి గొంతు హుషారుగా. "అందరం వచ్చేశాం. మొదలుపెట్టమంటారా?"

డైరెక్టరు నోరు తెరిచాడు.

(ఇంకా ఉంది)